ఊపిరిని కనిపెట్టుమన్న లారీ దొర

శస్త్రచికిత్సకై బల్లమీద పరుండబెట్టిన రోగికి నేడు చేతి సిరలో సూది గ్రుచ్చి మందెక్కింతురు. నిమిషమైనను గడవకమునుపే అతని కన్నులు మూతపడును. విజయనగరమునందు గాని శ్రీకాకుళమునందు గాని పెద్ద ఆసుపత్రులలో నిత్యమును జరుగు పని యిది. వెలుపల వసారాలో కూర్చున్న బంధువులకు కత్తిని గూర్చియే దిగులు; మత్తును గూర్చిన తలంపు వారికి సామాన్యముగా నుండదు. లోపల మాత్రము ఒక వైద్యుడు కోతతో తనకు పనిలేనట్లు రోగి తలవైపున నిలిచి, అతని యూపిరిని గుండెను ఎడతెగక కనిపెట్టుచుండును. మత్తు మితిమీరినప్పుడు ఈ రెండింటిలో ముందుగా ఆగునది యేది? ఈ ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దమున వైద్యలోకమును రెండు పక్షములుగా చీల్చినది. దాని పరిష్కారమునకై మహాప్రయత్నము జరిగిన చోటు లండను గాదు, ఎడింబరో గాదు. మూసీ యొడ్డునగల హైదరాబాదు. ఆ ప్రయత్నమునకు కర్త ఎడ్వర్డు లారీ అను శస్త్రవైద్యుడు.

లారీ 1846లో జన్మించెను. ఆ యేడు అక్టోబరు 16వ తేదీననే అమెరికాలోని బోస్టను నగరమున మార్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, రోగికి బాధ తెలియకుండ శస్త్రచికిత్స జరుపవచ్చునని పెద్దల యెదుట నిరూపించెను. హైదరాబాదులో నిజాము ప్రభుత్వము వైద్య పాఠశాలను నెలకొల్పినదియు 1846లోనే. ఇది కాకతాళీయమే యైనను, ఈ మూడింటి కథయు పిమ్మట ఒక్కటిగా కలిసిపోయినది.

ఈథరు వచ్చిన మరుసటి యేడే, 1847 నవంబరులో, ఎడింబరో నగరమున సింప్సను అను ప్రసూతివైద్యుడు క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. దాని వాసన తియ్యనిది. కొద్ది చుక్కలతోనే పనిచేయును. ప్రత్యేకమైన యంత్రము అక్కరలేదు. లోకమంతయు దానివైపు మ్రొగ్గినది. కాని మూడు నెలలు నిండకమునుపే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపమున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలి గోటిని తీసివేయుటకై ఇచ్చిన క్లోరోఫారమువలన కొన్ని నిమిషములలోనే ప్రాణములు విడిచెను. చేయబోయినది ఎంత చిన్నపని! ఆ పిల్ల ముందునుండియు భయపడుచునే యుండినదని నాటి విచారణలో తేలినది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కథాంతమున దీనితో పనియున్నది.

నాటినుండి వివాదము మొదలైనది. లండను వైద్యులు, అందు ముఖ్యముగా జాన్ స్నో, గాఢమైన క్లోరోఫారపు ఆవిరి సూటిగా గుండెకు తగిలి దానిని నిలిపివేయగలదని తలచిరి. స్నో కలరా వ్యాధి నీటి మూలమున వ్యాపించునని కనుగొన్న మహానుభావుడు. 1853లో విక్టోరియా రాణికి ప్రసవవేళ క్లోరోఫారము నిచ్చినవాడును ఆయనయే. ఆవిరి పాలు ఎంతయుండవలెనో కొలిచి యీయవలెననియు, నాడిని విడువరాదనియు ఆ పక్షమువారి మతము. ఎడింబరో పక్షమునకు పెద్ద జేమ్సు సైం. ఆయన శస్త్రవిద్యలో నాటి మేటి. నాడిని పట్టుకొని కూర్చుండుటవలన దృష్టి మరలిపోవును, ఊపిరి సరిగా నడచుచున్నంతవరకు భయము లేదు, ఊపిరిని చూడుడని ఆయన శిష్యులకు బోధించెను. ఆయన అల్లుడైన లిస్టరును ఈ మార్గమునే అనుసరించెను. ఆ సైం శిష్యులలో ఒకడు లారీ.

గురువు నోట విన్న ఆ యొక్క మాటను లారీ జీవితాంతము విడువలేదు. హిందూదేశపు వైద్యసేవలో చేరి, లాహోరు వైద్య పాఠశాలలో శస్త్రవిద్యను బోధించి, 1885లో ఆయన రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు చేరెను. అక్కడి వైద్య పాఠశాల అధ్యక్షతయు ఆయనకు దక్కినది. అంతకుమునుపు అందు చదువు ఉర్దూలో సాగుచుండెను. ఆయన కాలమున ఇంగ్లీషులోనికి మారినది. దేశభాషలో శాస్త్రము చెప్పుట మానివేయుట మేలో కీడో పండితులు వాదించుకొనవచ్చును. ఆయన శిష్యులకు సీమలో చదువు కొనసాగించుటకు అది దారి తెరచిన మాట మాత్రము నిజము. 1885లోనే ఆ పాఠశాలలో స్త్రీలకును ప్రవేశము కలిగినది. అట్లు చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ యువతి ఒకతె.

అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో లారీ పద్ధతి మిక్కిలి సామాన్యమైనది. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మెడకు రొమ్మునకు బిగుతుగానున్న బట్టలు వదులుచేయించి, గరాటువలె మలచిన బట్టపై క్లోరోఫారమును వేసి, గాలి ధారాళముగా కలియునట్లు ముక్కునకు దగ్గరగా పట్టించెడివాడు. మత్తు నిచ్చువాడు శస్త్రచికిత్సవైపు తలయెత్తి చూడరాదు. రోగి ప్రతి యూపిరిని చెవితో వినుచు కంటితో చూచుచుండవలెను. ఊపిరి బిగబట్టినను, గురక పెట్టినను వెంటనే గరాటు తీసివేయవలెను. కంటి నల్లగ్రుడ్డుపై వ్రేలు మోపినప్పుడు రెప్ప కదలకున్నచో మత్తు చాలినదని గుర్తు. అటుపైన ఇంకొక చుక్కయు వేయరాదు. ఈ పనిని ఆయన తన విద్యార్థులచేతనే చేయించెడివాడు. వేలకొలది శస్త్రచికిత్సలు ఇట్లు జరిగెనని ఆయన చెప్పుకొనెను. సీమలో క్లోరోఫారపు చావుల వార్తలు పత్రికలలో వచ్చుచుండగా, హైదరాబాదు విద్యార్థుల చేతులలో రోగులు క్షేమముగా మేల్కొనుచుండుట లారీకి గర్వకారణమైనది. ఆ గర్వమే ఆయనను ముందునకు నడిపినది.

1888లో నిజాము ప్రభుత్వపు అనుమతితో మొదటి హైదరాబాదు క్లోరోఫారము సంఘము ఏర్పడినది. నూరుకు పైగా వీధికుక్కలకు క్లోరోఫారమిచ్చి చంపి, ఊపిరి ఆగిన తరువాతనే గుండె ఆగుచున్నదని తేల్చిరి. లండనులోని లాన్సెట్ పత్రిక ఈ ఫలితమును వెంటనే నమ్మలేదు. ఎడింబరోలోను లండనులోను మహాశాస్త్రజ్ఞులకు తెగని చిక్కును ఒక సంస్థానపు ఆసుపత్రి తెంపివేసినదనుట వారికి మ్రింగుడు పడకపోవుట వింతగాదు. లారీ వెనుదీయలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను, దివాను సర్ ఆస్మాన్‌జా ఆయన మాటకు విలువ నిచ్చిరి. లాన్సెట్ తమ తరఫున ఎవ్వరినైనను పంపి పరీక్షింపజేయవచ్చుననియు, ఖర్చునకు వేయి పౌనులు తామిత్తుమనియు నిజాము ప్రభుత్వము కబురంపినది. ఒక దేశీయ ప్రభువు సీమ పత్రికకు ధనమిచ్చి, తన వైద్యుని మాటను పరీక్షింపుమని పిలుచుట ఆ దినములలో సామాన్యమైన విషయము కాదు.

లాన్సెట్ పంపిన పండితుడు డాక్టరు లాడర్ బ్రంటను. గుండెనొప్పికి అమైల్ నైట్రైటు పనిచేయునని 1867లో చాటినవాడు. ఔషధశాస్త్రమున అందెవేసిన చేయి. క్లోరోఫారము గుండెను నిలుపగలదను పక్షమునకు చెందినవాడై ఆయన 1889 అక్టోబరులో హైదరాబాదు చేరెను. లారీ, బ్రంటను, బామ్‌ఫర్డు, రుస్తుంజీ అను నలుగురు రెండవ సంఘపు సభ్యులు. డిసెంబరు వరకు పని సాగినది. నాలుగువందలకు పైబడిన జంతువులు, కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుఱ్ఱములు సయితము, ఈ పరీక్షలకు బలియైనవి. రక్తపు పోటును కొలుచు సాధనమును ధమనికి తగిలించి, తిరుగుచున్న కాగితముపై గీతగా దింపించిరి. క్లోరోఫారమును మెడ సిరలోనికి సూటిగా ఎక్కించియు చూచిరి. సగము మత్తులో పండ్లు పెరికి, ఆ యదటునకు గుండె ఆగునేమో పరికించిరి. నోరులేని జీవములను ఇన్నింటిని చంపుట నేటి పాఠకునకు బాధ కలిగింపక మానదు. నాడును ఇంగ్లండులో అట్టి పరీక్షలను నిరసించువారుండిరి.

ఫలితము? బ్రంటను తన పూర్వాభిప్రాయమును విడిచిపెట్టెను. అపాయము ఊపిరి యాడకపోవుటవలనను మోతాదు మితిమీరుటవలనను కలుగుచున్నదే గాని గుండెకు సూటిగా ముప్పు లేదని లాన్సెట్‌కు తంతి నంపెను. పరపక్షపు ప్రతినిధియే తన వాదమును ఒప్పుకొనుట కంటె లారీకి కావలసిన దేమున్నది? సంఘపు నివేదిక 1891లో గ్రంథరూపమున వెలువడినది. హైదరాబాదు పేరు లోకములోని వైద్య పత్రికలన్నిటను మారుమ్రోగినది. ఇంచుమించు ఆ దినములలోనే, 1892లో, ఇటు విజయనగరమున గురజాడవారి కన్యాశుల్కము తొలిసారి రంగమెక్కినది. తెలుగు గడ్డకు ఈ రెండు మూలల జరిగిన సంగతులకు పరస్పర సంబంధము లేదు. కాని పుస్తకములలోని మాటను కంటియెదుటి బ్రతుకుతో సరిచూచుకొను కాలము వచ్చినదని రెండును తెలుపుచున్నవి.

ఇంతటితో కథ ముగిసినయెడల లారీ విజేతగా నిలిచెడివాడే. ఆయన బోధలో మంచి యున్నది; దానితోపాటు ఒక పెద్ద లోపమును ఉన్నది. రక్తపు పోటు పడిపోవుచున్నట్లు గీతలు స్పష్టముగా చూపినవి. అట్లు పడిపోవుట అపాయము గాదు, మెదడునకు మందు తక్కువగా చేరుటకు ప్రకృతి చేసిన రక్షణయేయని లారీ వాదించెను. తనకు అనుకూలము గాని గుర్తును అనుకూలముగా త్రిప్పుకొనుట యిది. గ్లాస్గోలో 1880 నాటికే ఒక వైద్యసంఘము క్లోరోఫారము గుండెను బలహీనపరచునని చెప్పియుండెను. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ ఒక చమత్కారమైన పరీక్ష చేసిరి. రెండు జంతువుల రక్తనాళములను కలిపి, క్లోరోఫారము ఒకసారి మెదడునకు మాత్రమే, మరొకసారి తక్కిన శరీరమునకు మాత్రమే చేరునట్లు ఏర్పాటుచేసిరి. మెదడునకు చేరినప్పుడు పోటు పడిపోలేదు. గుండెకు చేరినప్పుడు పడినది. లారీ దీనిని ఒప్పుకొనలేదు. ప్రతివాదము వ్రాసెను, మరల వ్రాసెను. ఆయన తొలినుండియు తప్పు పట్టినది నాడిని చూచువారిని; తుదకు నాడిని చూడవలదనుటయే ఒక మతముగా మారిపోయినది.

సీమలో క్లోరోఫారపు చావులు మాత్రము ఆగలేదు. ఊపిరి బాగుగనే యుండి, మత్తు ఇంకను పైపైననే యుండగా, హఠాత్తుగా నాడి మాయమగుచుండెను. హైదరాబాదులో కానరానిది అక్కడ ఏల జరిగినది? దీని గుట్టు 1911లో బయటపడినది. గుడ్‌మన్ లెవీ అను లండను వైద్యుడు పిల్లులపై పరీక్షలు చేసి, లోతైన మత్తులో గాక పలుచని మత్తులోనే గుండెకు గండమున్నదని కనుగొనెను. భయము కలిగినప్పుడు, నొప్పి తగిలినప్పుడు మూత్రపిండములపైనుండు చిన్నగ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. క్లోరోఫారము తగిలిన గుండె ఆ అడ్రినలిన్‌ను తట్టుకొనలేదు. దాని కండరము క్రమముగా ముడుచుకొనుట మాని, గాలికి కదలు ఆకులవలె ఇష్టము వచ్చినట్లు వణకును. రక్తము ముందునకు సాగదు. భయముతో వణకిన హన్నా గ్రీనర్ మరణమునకును ఇదియే కారణమై యుండవచ్చునని పెక్కుమంది పిమ్మట తలచిరి.

ఇప్పుడు లారీ రోగులు బ్రతికిన కారణమును తెలియవచ్చుచున్నది. మందును ఆపి ఆపి యీయక, గాలితో కలిపి ఎడతెగకుండ ఇచ్చుటచే ఆయన విద్యార్థులు పలుచని మత్తునుండి రోగిని త్వరగా, నెమ్మదిగా దాటించుచుండిరి. మత్తు చాలినదని కన్ను చెప్పినంతనే ఆపుటచే మోతాదు మించలేదు. ఊపిరిని విడువకుండుటచే ఉక్కిరిబిక్కిరి యగుట లేదు. ఆయన చేయించిన పని సరియైనది. ఆ పని సఫలమగుటకు ఆయన చెప్పిన కారణము మాత్రము సగమే సరియైనది. సంఘపు కుక్కలకు ఇచ్చినది చంపుటకు చాలిన లోతైన మత్తు. అట్టి మత్తులో ఊపిరి ముందు ఆగుట నిజమే. ప్రశ్న అడిగిన తీరునుబట్టియే వారికి జవాబు వచ్చినది.

క్లోరోఫారము నేడు శస్త్రశాలలనుండి తొలగిపోయినది. 1934లో అమెరికాలో థయోపెంటోను అను మందును సిరలోనికి ఎక్కించుట ప్రారంభమైనది. 1980 తరువాతి దశాబ్దమున పాలవలె తెల్లనైన ప్రొపోఫాల్ వచ్చినది. ఇట్టి మందునకు ఒక ప్రత్యేకత కలదు. గరాటును ముక్కునుండి తీసివేసినట్లు సిరలోనికి పోయినదానిని వెనుకకు తీయరాదు. చేతి సిరనుండి గుండెకు, గుండెనుండి మెదడునకు అర నిమిషములో అది చేరును. మెదడునకు రక్తము సమృద్ధిగా పారుచుండుటచే తొలివాటా దానిదే. పిమ్మట మందు కండరములకు, క్రొవ్వునకు పంచుకొనిపోవును, మెదడులో తగ్గిపోవును. కనుక ఒక్కమారు ఎక్కించిన రోగి కొన్ని నిమిషములలో మేల్కొనును. కాని అప్పటికి మందు శరీరమును విడిచిపోలేదు, చోటు మారినదంతే. దానిని విరిచి పంపివేయు పని కాలేయమునది. అది తీరికగా జరుగును. ఈ తేడా తెలియక మరల మరల ఎక్కించినచో కండరములు నిండిపోయి నిద్ర దీర్ఘమగును. ముసలివానికి, రక్తము పోయినవానికి మోతాదు తగ్గింపవలెను. వారి రక్తప్రసారము మందగించియుండుటచే మందు ఆలస్యముగా పనిచేయును. తొందరపడి రెండవ మోతాదు ఇచ్చువానికి రెండును ఒక్కసారి వచ్చి తగులును.

ఆ మందు ఎక్కిన వెంటనే పెక్కుమందికి కొంతసేపు ఊపిరి ఆగును. రక్తనాళములు వదులై పోటును పడిపోవును. లండను పక్షము, ఎడింబరో పక్షము రెండును ఒకే బల్లమీద, ఒకే నిమిషములో తమ మాట నిజమని చూపించుకొనుచున్నవన్నమాట! అందుచేతనే మత్తువైద్యుడు ముందుగానే ప్రాణవాయువును పీల్పించి, తానే ఊపిరి పోయుటకు సాధనములు సిద్ధముంచుకొనును. నాడిని, పోటును, రక్తములోని ప్రాణవాయువును ఎడతెగక చూచుకొనును.

లారీ స్వభావములోని పట్టుదల క్లోరోఫారముతోనే ఆగలేదు. మలేరియాకు కారణమైన సూక్ష్మజీవిని లావెరాన్ 1880లో కనుగొనియుండగా, అట్టిది లేనేలేదని లారీ వాదించెను. ఆయన యున్న హైదరాబాదునకు ఆనుకొనియున్న సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో ఆ జీవి జాడను పట్టుకొనెను. తన కంటితో చూచినదానినే నమ్ముదునను మనిషికి, సూక్ష్మదర్శినిలో ఇతరులకు కనబడినది నమ్మశక్యము కాలేదు. బోధకునిగా మాత్రము ఆయన కొరత లేనివాడు. పేరు ప్రతిష్ఠలు గల పనిని విద్యార్థుల చేతులలో పెట్టుట, స్త్రీలు శస్త్రశాలలో నిలిచి మత్తు నిచ్చుటను ప్రోత్సహించుట నాటి దొరలలో అందరికిని గల గుణములు కావు.

1901లో తన అనుభవమును క్లోరోఫారముపై ఒక పుస్తకముగా ప్రకటించి, ఆ యేడే ఆయన ఉద్యోగము విరమించెను. ఏడేండ్లు తిరుగకమునుపే, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీ పొంగి వేలకొలది జనమును పొట్టన పెట్టుకొన్నది. ఆ వరదలో అఫ్జల్‌గంజు ఆసుపత్రియు కూలిపోయినది. కుక్కలకు గరాటు పట్టిన కాలమును ఎరిగిన గోడలు ఆ నీటిలో పోయినవి. పిమ్మట ఏడవ నిజాము కాలమున ఆ ప్రాంతముననే ఉస్మానియా ఆసుపత్రి లేచినది. గుడ్‌మన్ లెవీ పరీక్షలు వెలువడునప్పటికి లారీ జీవించియే యుండెను, 1915లో మరణించెను.

ఆయన శిష్యురాలు రూపాబాయి 1889లో పట్టము పొంది, హైదరాబాదు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారము నిచ్చు పనిలో ప్రవేశించెను. లోకములో మత్తునిచ్చుటయే వృత్తిగా గ్రహించిన తొలి స్త్రీ ఆమెయేయని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. 1909లో, గురువు చదివిన ఎడింబరోకే పోయి, అక్కడ మందుల గుణమును తెలుపు భౌతిక రసాయన శాస్త్రములను అభ్యసించెను. తిరిగివచ్చి, ఆ కొలువునందే యుండి, 1920లో చాదర్‌ఘాటు ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా విరమించెను.